సుల్తాను కొలువులో ఒక భిక్షువు

క్రీ.శ. 1181 ప్రాంతంలో ఇటలీ దేశపు అస్సీసీ పట్టణంలో ఒక సంపన్న వస్త్రవ్యాపారి ఇంట ఫ్రాన్సిస్ జన్మించారు. యౌవనాన్ని విలాసాలలో గడిపారు. వీరునిగా కీర్తి గడించాలన్నదే ఆనాటి ఆయన ఆశ. 1202లో పెరూజియా నగరంతో జరిగిన యుద్ధంలో బందీగా చిక్కి, సుమారు ఏడాది చెరలో మగ్గారు. అటుపిమ్మట ఆయన మనస్సు మారింది. కుష్ఠురోగులను చూచి మొగం తిప్పుకొన్నవారే వారికి సేవ చేయసాగారు. శిథిల దేవాలయాన్ని బాగుచేయుటకై తండ్రి వస్త్రాలను అమ్మివేయగా, తండ్రి ఆయనను బిషప్పు ముందు నిలిపాడు. ఫ్రాన్సిస్ ఒంటిమీది దుస్తులను సైతం తండ్రికి అప్పగించి వారసత్వాన్ని వదులుకొన్నారు.

1209లో పోపు మూడవ ఇన్నొసెంటు అనుమతితో ఆయన సంఘం ఏర్పడింది. ఆస్తి కూడదు, శ్రమించాలి, చాలకపోతే భిక్షమెత్తాలి. మనమెరిగిన ఫకీరు శబ్దంలోని అర్థమే ఇందులోనూ మాకు స్ఫురిస్తుంది.

1219లో అయిదవ క్రూసేడు సేనలు ఈజిప్టులోని దమియెట్టాను ముట్టడిస్తూ ఉన్నాయి. అప్పుడు ఫ్రాన్సిస్ ఒక్క సోదరుని వెంటబెట్టుకొని, నిరాయుధులై, సుల్తాన్ అల్ కామిల్ శిబిరానికి వెళ్ళారు. ఈ సుల్తాను సలాహుద్దీన్ అయ్యూబీ సోదరుని కుమారుడు. ఫ్రాన్సిస్ తన మతాన్ని బోధించుటకే వెళ్ళారన్నది దాచవలసిన విషయం కాదు. సుల్తాను మతం మారలేదు, యుద్ధమూ ఆగలేదు. నవంబరులో దమియెట్టా క్రూసేడు సేనల వశమైంది. అయినప్పటికీ ఆ కలయిక వ్యర్థమని మేము తలచము. సుల్తాను అతిథిని ఆదరించి క్షేమంగా సాగనంపారు. ఫ్రాన్సిస్ సైతం 1221 నాటి నియమావళిలో, ముస్లిముల నడుమ నివసించే సోదరులకు, వాదవివాదాలకు దిగక, తమ విశ్వాసాన్ని దాచక, వినయంతో మెలగుటను ఒక మార్గంగా నిర్దేశించారు.

తిరిగివచ్చేసరికి సంఘంలో విభేదాలు తలెత్తాయి. సోదరుల సంఖ్య పెరిగినకొద్దీ కఠిన దారిద్ర్యవ్రతం పలువురికి భారమైంది. తాను స్థాపించిన సంఘం తన చేతిలో ఇమడదని గ్రహించిన ఫ్రాన్సిస్, 1220లో నాయకత్వాన్ని పీటర్ కతానీకి అప్పగించి, సామాన్య సోదరునిగా ఆయన ఆజ్ఞకు లోబడ్డారు. పదవిని పొందుటకంటె విడుచుట ఎంత కష్టమో పెద్దలకు మేము చెప్పనక్కరలేదు.

చూపు దాదాపు పోయిన దశలో, 1225లో, సూర్యుని సోదరునిగా, చంద్రుని సోదరిగా సంబోధిస్తూ దైవస్తుతి రచించారు. పండితుల లాటిన్ భాషలో కాక, తన ప్రాంతపు ప్రజల భాషలో రచించుట భాషాధ్యాపకులమైన మాకు మరింత ముచ్చట. 1226 అక్టోబరు 3న ఆయన కన్నుమూశారు. రెండేళ్ళకే చర్చి ఆయనను పునీతునిగా ప్రకటించింది.

విద్యార్థులారా! ఆ శిబిరంలో ఇద్దరూ తమ తమ విశ్వాసాలను వీడలేదు. ఒకరు ధైర్యంగా వెళ్ళారు. మరొకరు ఓపికతో విన్నారు. ఈ రెండూ నేర్చుకొనదగినవే.