డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

గోదావరి డెల్టాలో బోదకాలును ఎరుగని గ్రామము అరుదు. 1852లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఈ సీమకు అన్నము సమృద్ధిగా దొరకెను. దానితోపాటు నిలువనీరును దొరకెను. నిలువనీరున్నచోట దోమ యుండును, దోమ యున్నచోట ఈ వ్యాధి తరతరములుగా నిలిచియుండెను. దీనిని గలిగించు క్రిములను రక్తమునుండి తొలగింపగల సులభమైన మందు 1947లో అమెరికాయందలి యొక ప్రయోగశాలనుండి వెలువడినది. ఆ ప్రయోగశాలలో పరిశోధనశాఖకు అధ్యక్షులుగా నున్నవారు భీమవరమున జన్మించి రాజమహేంద్రవరమున పెరిగిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ మందు తమ జిల్లాలలోని యిండ్లకు చేరుట చూచు భాగ్యము వారికి కలుగలేదు.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో చిన్న యుద్యోగి; తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో సుబ్బారావుగారు నాల్గవవారు. తండ్రి అనారోగ్యముచే ఉద్యోగమును ముందుగనే విడువవలసి వచ్చుటతో కుటుంబము ఇక్కట్ల పాలయ్యెను. బాలుడు చదువునందు శ్రద్ధ చూపలేదు. పదుమూడేండ్ల ప్రాయమున కాశికిపోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనవంతుడు కావలెనని ఇల్లు విడిచెను. తల్లి వెదకి పట్టుకొని తెచ్చి మరల బడిలో కూర్చుండబెట్టెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసారులు తప్పి, మూడవసారి చెన్నపట్టణమునందలి హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. తల్లి నగలమ్మి చదివించినదని చెప్పుదురు. మన గృహములలో ఇట్టి కథ క్రొత్తది కాదు గాని, ఆ నగల విలువ ఈ సందర్భమున ఎంతకు పెరిగినదో లెక్కకట్టుట కష్టము.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న దినములలో వారి మనస్సు రామకృష్ణ మఠమువైపు మరలెను. సన్యసింపవలెనని కోరిరి, తల్లి అనుమతింప లేదు. మఠమువారు వైద్యము నేర్చి ప్రజలకు సేవచేయుమని హితవు చెప్పగా చెన్నపట్టణపు వైద్యకళాశాలలో చేరిరి. ఖర్చులకు మిత్రులును, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును తోడ్పడిరి. 1919లో సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారితో వివాహము జరిగెను.

అది గాంధీమహాత్ముని పిలుపునకు విద్యార్థులు కదలిన కాలము. సుబ్బారావుగారు విదేశవస్త్రములను విడిచి, శస్త్రచికిత్సాగదిలో సైతము ఖద్దరు అంగీని ధరించి నిలిచిరి. శస్త్రచికిత్సాచార్యుడగు బ్రాడ్‌ఫీల్డు దొరకు ఇది రుచింపలేదు. వ్రాతపరీక్షలలో సమర్థులైన విద్యార్థికి ఎం. బి. బి. ఎస్. పట్టమునకు బదులు తక్కువదగు ఎల్. ఎం. ఎస్. మాత్రమే చేతికి వచ్చెను. చెన్నరాజధాని వైద్యశాఖలో ఉద్యోగమునకై యత్నించిరి, అదియు దొరకలేదు. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాల వారికి ఆశ్రయమిచ్చెను. అచ్చట శరీరశాస్త్రోపన్యాసకులుగా పనిచేసిరి. ప్రభుత్వము త్రోసివేసిన యువకుని జాతీయభావముగల యొక తెలుగు వైద్యుడు నిలిపెననుట గుర్తుంచుకొనదగినది.

కుటుంబములో ఈలోగా ఒక ఘోరము జరిగియుండెను. వారి సోదరులిద్దరు కొలది దినముల వ్యవధిలో సంగ్రహణిచే మరణించిరి. ఆహారము జీర్ణము కాక, రక్తము క్షీణించి, మనిషి ఎముకలగూడై పోవు ఆ వ్యాధికి ఆనాడు ఏ వైద్యమునందును నిశ్చయమైన మందు లేదు. సుబ్బారావుగారి తరువాతి జీవితమంతయు ఈ మరణములచుట్టును తిరిగినట్లు తోచును.

అమెరికా ప్రయాణమునకు మామగారు ధనము సమకూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మసంస్థ సాయమునకు మాటయిచ్చెను. 1923 నాటికి వారు బోస్టను నగరములోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వైద్యశాస్త్రము చదువుచుండిరి. అచ్చటి వైద్యులు వీరి ఎల్. ఎం. ఎస్.ను గుర్తింపకపోవుటచే వైద్యవృత్తి సాగింప వీలులేదు. రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలను శుభ్రముచేయు పని చేసి పొట్టపోసికొనిరి. పగలు చదువు. దేశమున భార్య గర్భవతి. పుట్టిన కుమారుడు తండ్రి మొగము చూడకయే శైశవమున మరణించెను.

హార్వర్డులో జీవరసాయనశాఖయందు సైరస్ ఫిస్క్ అను ఆచార్యునివద్ద వీరు చేరిరి. రక్తములోను, మూత్రములోను ఫాస్ఫరసు ఎంతయున్నదో కొలుచు సులభమైన పద్ధతిని కనుగొనుట మొదటి పని. ద్రవములో మాలిబ్డేటు అను లవణమును చేర్చి, తగిన మరొక పదార్థముతో కలిపినచో నీలపురంగు వచ్చును. రంగు ఎంత గాఢమైన ఫాస్ఫరసు అంత ఎక్కువ. 1925లో ప్రకటింపబడిన ఈ పద్ధతి ఫిస్క్–సుబ్బారావు పద్ధతియని లోకమంతట ప్రసిద్ధిచెంది, ఈనాటికిని జీవరసాయన విద్యార్థులకు పాఠముగా నున్నది.

అంతటితో ఆగినచో సుబ్బారావుగారు నేర్పుగల కొలతగాడుగా మిగిలెడివారు. కండరమునుండి తీసిన రసముతో ఈ పరీక్ష చేసినపుడు ఒక చిత్రము కనబడెను. నీలపురంగు వెంటనే పూర్తిగా రాక, మెల్లమెల్లగా గాఢమగుచుండెను. మరొకరైనచో పరీక్షలో లోపమని త్రోసివేసియుందురు. వీరు ఆలస్యమునకు కారణమును వెదకిరి. కండరములో ఫాస్ఫరసు ఏదియో అస్థిరమైన పదార్థముతో జతగూడియున్నదనియు, పరీక్షలోని ఆమ్లము ఆ జంటను మెల్లగా విడదీయుచున్నదనియు తేలెను. ఆ పదార్థము క్రియాటిను. ఈ విధముగా ఫాస్ఫోక్రియాటిను 1927లో వెలుగులోనికి వచ్చెను. కండరమును ప్రేరేపించినపుడు అది తగ్గుననియు, విశ్రాంతినిచ్చినపుడు మరల కూడుకొనుననియు వారు చూపిరి. ఇంగ్లండులో ఎగిల్‌టను దంపతులును ఆ సంవత్సరముననే ఇట్టి పదార్థమును కనిపెట్టిరి.

దీనివలన కలిగిన సంచలనము సామాన్యమైనది కాదు. పాలను పులియజేయు లాక్టిక్ ఆమ్లమే కండరము ముడుచుకొనుటకు మూలమని అంతకుముందు శాస్త్రజ్ఞులు నమ్మిరి. ఆ మార్గమున చేసిన కృషికి ఇంగ్లండువాడగు హిల్లునకును, జర్మనీవాడగు మేయర్‌హోఫునకును 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము లభించియుండెను. 1930లో డెన్మార్కు దేశీయుడగు లుండ్స్‌గార్డు, లాక్టిక్ ఆమ్లము పుట్టకయే కండరము ముడుచుకొనగలదని నిరూపింపగా పాతవాదము కూలెను. హిల్లు స్వయముగా ఈ మార్పును విప్లవమని ఒప్పుకొనెను.

1929లో ఫిస్కును సుబ్బారావుగారును ఎ. టి. పి. అను పదార్థమును కండరమునుండి వేరుచేసిరి. అదే సంవత్సరము జర్మనీలో లోమాను స్వతంత్రముగా దీనిని ప్రకటించెను. గృహస్థులకు తెలియునట్లు చెప్పవలెనన్నచో, మనము తిన్న ఆహారము గాదెలోని ధాన్యము; ఫాస్ఫోక్రియాటిను పెట్టెలోని సొమ్ము; ఎ. టి. పి. చేతిలోని రొక్కము. ధాన్యముతో కూలివానికి తక్షణము చెల్లింపు చేయలేము, రొక్కము కావలెను. శరీరములో ఏ కణము ఏ పని చేసినను ఈ రొక్కమునే వెచ్చించును.

కండరమును కదిలించు నాడికి సైతము ఇదియే ఆధారమని తరువాత తెలిసెను. నాడీకణము లోపలను వెలుపలను లవణముల మోతాదులో భేదముండుటచే విద్యుత్‌ప్రేరణ సాగును. ఈ ప్రేరణను గణితసమీకరణములలో మొదట బంధించినవారు కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులైన హాడ్జికిను, హక్స్‌లీ. వారి సమీకరణములు 1952లో వెలువడెను. హక్స్‌లీ ఆ లెక్కలను చేతితో త్రిప్పు యంత్రముపై కట్టెను. ఆ లవణభేదమును నిలుపుట కణములోని యొక పంపు పని. ఆ పంపునకు ఎ. టి. పి. కావలెనని 1957లో స్కౌ అను డెన్మార్కు శాస్త్రజ్ఞుడు చూపి, 1997లో నోబెలు బహుమానము పొందెను. మెదడు బరువు మన శరీరపు బరువులో నూటికి రెండువంతులు మాత్రమే. విశ్రాంతిలో అది వెచ్చించు శక్తి ఇంచుమించు అయిదవవంతు. 2001లో అట్‌వెల్, లాఫ్‌లిన్ అనువారు మెదడులోని ఒక్కొక్క సంకేతమునకు ఎన్ని ఎ. టి. పి. అణువులు ఖర్చగునో జమాఖర్చు కట్టిరి. ఇప్పుడు యంత్రగణనముతో నాడీమండలపు నమూనాలు కట్టువారు మెదడు శక్తివ్యయమును లెక్కించునపుడు, సుబ్బారావుగారు పరీక్షగొట్టములో కనుగొన్న పదార్థమే వారికి నాణెము.

ఇంతపని చేసినవారికి హార్వర్డు ఇచ్చినది 1930లో డాక్టరేటు పట్టము, చిన్న యుద్యోగము. స్థిరమైన పదవి రాలేదు. ఫిస్క్ ఆచార్యుడు సుబ్బారావుగారి కృషిలో కొంతభాగమును వెలువడనీయలేదనియు, అందువలన కొన్ని విషయములను ఇతరులు మరల కనుగొనవలసి వచ్చెననియు వారి సహచరుడు హిచింగ్సు తరువాత చెప్పెను. ఈ హిచింగ్సు 1988లో నోబెలు బహుమానము పొందినవాడు. ఆతని సాక్ష్యమును తేలికగా కొట్టివేయరాదు. 1940లో సుబ్బారావుగారు విశ్వవిద్యాలయమును వీడి, న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివరులో లెడర్లీ అను ఔషధ సంస్థలో చేరి, పరిశోధనశాఖకు అధ్యక్షులైరి.

కాలేయములో రక్తక్షీణతను పోగొట్టు పదార్థమేదియో యున్నదని వారు హార్వర్డు దినములనుండియు వెదకుచుండిరి. బొంబాయిలో లూసీ విల్సు అను వైద్యురాలు 1931లో ఈస్టు సారముతో గర్భిణుల రక్తక్షీణతను తగ్గించియుండెను. ఆ జాడవెంట నడచిన అన్వేషణ లెడర్లీలో ఫలించి, 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. 1946 నాటికి సంగ్రహణి రోగులు ఈ మందుతో కోలుకొనుచుండిరి. సోదరులిద్దరిని మ్రింగిన వ్యాధి అది. ఆ వార్త చేరిననాడు ఆయన మనస్సెట్లుండెనో మనమూహింపగలము.

వేరొకవిధమగు తీవ్ర రక్తక్షీణతలో మాత్రము ఈ మందు మోసము చేసెను. రక్తము బాగుపడును, నాడులు చెడుచునే యుండును, పాదములు మొద్దుబారి, నడక తూలును. రోగి ముఖమున కళ చూచి వైద్యుడు సంతోషించుచుండగా వెన్నుపాము క్షీణించుచుండును. నాడులకు కావలసినది వేరొక విటమిను, బి12. దానిని 1948లో అమెరికాలో మెర్కు సంస్థవారును, ఇంగ్లండులో గ్లాక్సోవారును వేరుచేసిరి. సుబ్బారావుగారు వెదకిన వస్తువు ఇతరుల చేతికి చిక్కెను.

ఫోలిక్ ఆమ్లమును పోలి దానికి విరోధముగా పనిచేయు పదార్థములను సైతము వారి శాఖలో తయారుచేసిరి. అందులోని అమినోప్టెరినును బోస్టనులో సిడ్నీ ఫార్బరు రక్తపుకాన్సరు సోకిన పసిబిడ్డలకిచ్చెను. 16 మందిలో 10 మందికి కొంతకాలము వ్యాధి తగ్గెనని 1948 జూనులో ప్రకటించెను. ఆ మార్గమునుండి వచ్చిన మిథోట్రెక్సేటు కాన్సరునకును, కీళ్లవాతమునకును ఈనాటికిని వాడుకలో నున్నది. ఆరియోమైసీను సంగతియు అట్టిదే. దానిని కనుగొనినవాడు ఆ శాఖలో పనిచేసిన వృద్ధశాస్త్రజ్ఞుడు డగ్గరు.

ఇచ్చట ఒకమాట స్పష్టముగా చెప్పవలెను. మన సభలలో కొందరు వక్తలు ఈ మందులన్నియు సుబ్బారావుగారొక్కరే కనుగొనిరని చెప్పుచుందురు. అది సత్యము కాదు. ఫోలిక్ ఆమ్లమునందు స్టోక్‌స్టాడు, ఆంజియరు, వాలరు, అమినోప్టెరినునందు సీగరు, బోదకాలు మందునందు హెవిట్టు, వీరందరి శ్రమ యున్నది. ఏ రోగమును పట్టవలెను, ఏ త్రోవను విడువరాదు, ఎవరిని ఏ పనికి నియమింపవలెను అను నిర్ణయము సుబ్బారావుగారిది. పెక్కు పత్రములలో వారి పేరు ముందు కనబడదు. తమకు హార్వర్డులో జరిగిన అన్యాయమును తమ క్రిందివారికి చేయలేదు. లేని కీర్తిని అంటగట్టి అట్టివానిని పొగడుట ఆయనకే అపచారము.

1948 ఆగస్టులో పెర్ల్ రివరులోని తమ యింట నిద్రలోనే గుండె ఆగి వారు మరణించిరి. వయస్సు 53 సంవత్సరములు. స్వదేశమునకు మరల రాలేదు. శేషగిరిగారు భర్తను మరల చూడకయే మిగిలిరి. ఈ విషయములో సుబ్బారావుగారి నడతను సమర్థించుట మావలన కాదు.

1953లో హెసల్‌టిను అను శాస్త్రజ్ఞుడు ఒక క్రొత్త శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ అని వారి పేరు పెట్టెను. భారతప్రభుత్వము శతజయంతి సంవత్సరమైన 1995లో తపాలాబిళ్లను వెలువరించెను. బోదకాలు నివారణకై దేశవ్యాప్తమైన కార్యక్రమము 1955లో ఆరంభమై, 2004నుండి ఏటేట ఇంటింటికి మాత్రల పంపకముగా విస్తరించెను. గోదావరి జిల్లాలలో కార్యకర్తలు వీధివీధి తిరిగి పంచిన ఆ డి. ఇ. సి. మాత్ర, పెర్ల్ రివరునుండి 1947లో హెట్రజాను అను పేరుతో బయలుదేరిన మందే.