జూలియా మోర్గాన్: మూడో ప్రయత్నంలో సీటు, 32 ఏళ్లకు లైసెన్సు

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లాస్‌ఏంజిలెస్‌కు సముద్రం పక్కన హైవే 1 మీదుగా వెళ్లే మన తెలుగువాళ్లలో చాలామంది శాన్ సిమియన్ దగ్గర ఆగి హర్స్ట్ క్యాజిల్ చూసే ఉంటారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు చూపించాల్సిన జాబితాలో అదీ ఒకటి. పత్రికల అధిపతి విలియం రాండాల్ఫ్ హర్స్ట్ కట్టించాడని అందరికీ తెలుసు. దాన్ని గీసి, దగ్గరుండి కట్టిన ఆర్కిటెక్టు పేరు మాత్రం తక్కువమందికి గుర్తుంటుంది. ఆమె జూలియా మోర్గాన్. కాలిఫోర్నియాలో ఆర్కిటెక్టు లైసెన్సు పొందిన మొదటి మహిళ.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీరును. మా ఆఫీసుల్లో ఆర్కిటెక్టులకు కొదవ లేదు. డేటా ఆర్కిటెక్టు, క్లౌడ్ ఆర్కిటెక్టు, సొల్యూషన్ ఆర్కిటెక్టు... ఆ పేరు పెట్టుకోవడానికి ఏ ప్రభుత్వ పరీక్షా రాయనక్కర్లేదు. భవనాల రంగంలో అలా కుదరదు. మా అక్క కూతురు హైదరాబాద్‌లో ఐదేళ్ల బీఆర్క్ చదివింది, ఇక్కడ మాస్టర్స్ చేసింది, ఉద్యోగమూ చేస్తోంది. అయినా లైసెన్సు వచ్చేదాకా తాను ఆర్కిటెక్టునని చెప్పుకోవడానికి చట్టం ఒప్పుకోదు. కార్డు మీద డిజైనర్ అనే ఉంటుంది. ఇన్నేళ్ల చదువు చదివి ఇంకా పరీక్షలేమిటి, హాయిగా ఐటీకి మారిపోవచ్చు కదా అని ఇంట్లో సలహాలు మొదలయ్యాయి. ఆ చర్చల మధ్యే నేను జూలియా మోర్గాన్ జీవితం గురించి చదవడం మొదలుపెట్టాను.

బర్కిలీలో ఆ కోర్సే లేదు

జూలియా 1872 జనవరి 20న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు. ఓక్లాండ్‌లో పెరిగారు. న్యూయార్క్‌లో ఆర్కిటెక్టుగా పేరున్న బంధువు పియర్ లెబ్రన్ వల్ల ఆమెకు ఈ వృత్తి మీద ఇష్టం కలిగింది. అప్పట్లో బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ కోర్సు లేదు. అందుకని సివిల్ ఇంజినీరింగ్‌లో చేరి 1894లో డిగ్రీ తీసుకున్నారు. అక్కడ పరిచయమైన బెర్నార్డ్ మేబెక్ ప్యారిస్‌లోని ఎకోల్ డి బోజార్‌లో చదువుకున్న ఆర్కిటెక్టు. ఆ రోజుల్లో ఈ వృత్తికి అంతకు మించిన బడి లేదు. నువ్వూ అక్కడే చదవాలని ఆయన ప్రోత్సహించారు.

1896లో ఆమె ప్యారిస్ చేరేసరికి ఆ బడి ఆడపిల్లలను తీసుకోవడమే లేదు. ఫ్రాన్స్ మహిళా కళాకారుల పోరాటం ఫలించి 1897లో తలుపులు తెరుచుకున్నాయి. తెరుచుకున్నా లోపలికి వెళ్లడం తేలిక కాలేదు. ప్రవేశ పరీక్ష ఫ్రెంచిలో. తీసుకునేది మొదటి 30 మందినే. మొదటిసారి ఆమెకు సీటు రాలేదు. రెండోసారీ రాలేదు. ఆడపిల్ల కావడమే రెండోసారి తప్పించడానికి కారణమని ఆమె జీవిత చరిత్రకారులు చెబుతారు. 1898లో మూడోసారి రాసి 13వ స్థానంలో నిలిచారు.

అక్కడ ఇంకో చిక్కు ఉంది. 30 ఏళ్లు నిండితే ఆ బడిలో చదువు ఆగిపోతుంది. అడ్మిషన్ కోసమే రెండేళ్లు పోయాయి. మిగిలిన కొద్ది కాలంలో ఒక్కో పోటీ నెగ్గుకుంటూ వచ్చి, 30వ ఏడు నిండే వేళకు, 1902లో సర్టిఫికెట్ సాధించారు. ఆ బడి నుంచి ఆర్కిటెక్చర్‌లో సర్టిఫికెట్ పొందిన మొదటి మహిళ ఆమే.

సంతకం ఎవరిది?

ఆమె ప్యారిస్‌లో ఉండగా సొంత రాష్ట్రంలో పరిస్థితి మారింది. అమెరికాలో ఆర్కిటెక్టులకు లైసెన్సు తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రం ఇల్లినాయ్. అది 1897లో. కాలిఫోర్నియా 1901లో ఆ చట్టం తెచ్చింది. తిరిగి వచ్చిన జూలియా బర్కిలీ యూనివర్సిటీ భవనాలు చూస్తున్న జాన్ గేలెన్ హోవార్డ్ దగ్గర చేరారు. హర్స్ట్ మైనింగ్ బిల్డింగ్, గ్రీక్ థియేటర్ పనుల్లో పాలుపంచుకున్నారు. మంచి పనిమంతురాలు దొరికింది, ఆడమనిషి కాబట్టి జీతం పెద్దగా ఇవ్వనక్కర్లేదు అన్నట్టు ఆయన మాట్లాడేవాడని చెబుతారు. జూలియా గొడవ పడలేదు. 1904లో, 32 ఏళ్ల వయసులో లైసెన్సు తెచ్చుకుని సొంత ఆఫీసు తెరిచారు.

లైసెన్సు అంత ముఖ్యమా అనేవాళ్లకు నేటి కాలిఫోర్నియా చట్టమే జవాబు. చెక్క ఫ్రేముతో కట్టే రెండంతస్తుల లోపు ఇల్లు, అలాంటిదే నాలుగు వాటాల లోపు భవనం అయితే లైసెన్సు లేని బిల్డింగ్ డిజైనర్ కూడా ప్లాన్ గీయవచ్చు. మనలో చాలామంది ఇంటికి గది కలుపుకునేటప్పుడు అలాంటివాళ్లతోనే గీయించుకుంటాం. బడి, ఆసుపత్రి, హోటల్, పెద్ద అపార్టుమెంటు అయితే లైసెన్సున్నవాళ్ల ముద్ర, సంతకం ఉండాల్సిందే. సంతకం పెట్టినవారిదే బాధ్యత. లైసెన్సు లేకపోతే ఎంత బాగా గీసినా వేరేవాళ్ల సంతకం కిందే ఉండిపోవాలి.

ఇప్పుడు ఆ దారి ఇలా ఉంది: లెక్కకట్టి నమోదు చేసిన 3,740 గంటల పని అనుభవం, ఆరు భాగాల జాతీయ పరీక్ష. కాలిఫోర్నియాలో అదనంగా రాష్ట్ర పరీక్ష ఒకటి. చదువు, అనుభవం కలిపి 8 ఏళ్ల లెక్క చూపాలి. ఇండియా డిగ్రీని మదింపు చేయించుకోవాలి. నియమాలు రాష్ట్రానికో రకం కాబట్టి టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లు తమ రాష్ట్ర బోర్డులో ముందే కనుక్కోవడం మంచిది.

భూకంపం పెట్టిన పరీక్ష

లైసెన్సు వచ్చిన ఏడాదే జూలియా ఓక్లాండ్‌లోని మిల్స్ కాలేజీలో 72 అడుగుల గంటల గోపురం కట్టారు. మనం ఈరోజు ఆర్‌సీసీ అని పిలిచే పద్ధతి, ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీటు, ఆ ప్రాంతానికి అప్పుడు కొత్త. రెండేళ్లకు 1906 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం వచ్చింది. ఊళ్లకు ఊళ్లు దెబ్బతిన్నాయి. గోపురం చెక్కుచెదరలేదు. తర్వాత చెలరేగిన మంటల్లో నగరంలోని ఆమె ఆఫీసు కాలిపోయింది. కానీ అదే సమయంలో, మంటలకు లోపలంతా గుల్లయిన ఫెయిర్‌మాంట్ హోటల్‌ను నిలబెట్టే పని ఆమె చేతికి వచ్చింది. సరిగ్గా ఏడాదికి, 1907 ఏప్రిల్‌లో హోటల్ తెరిచారు. వేరే దారి లేక చదివిన సివిల్ ఇంజినీరింగ్ అక్కడ అక్కరకు వచ్చింది.

ఆ తర్వాత ఆమెకు పని కరువు లేదు. చర్చిలు, ఇళ్లు, మహిళా సంఘాల భవనాలు, మాంటెరీ దగ్గర సముద్రం ఒడ్డున అసిలమార్, అన్నీ కలిపి 700కు పైగా కట్టడాలు. 1919 నుంచి 1947 వరకు 28 ఏళ్లు హర్స్ట్ క్యాజిల్ సాగింది. వారమంతా శాన్‌ఫ్రాన్సిస్కో ఆఫీసులో పని. వారాంతం వస్తే రాత్రి రైలెక్కి శాన్ లూయిస్ ఒబిస్పోలో దిగి, అక్కడి నుంచి కారులో కొండ మీదికి. హర్స్ట్ మనసు మార్చుకున్నప్పుడల్లా కట్టింది కూల్చి మళ్లీ కట్టాలి. నెప్ట్యూన్ ఈతకొలను అలా మూడు రూపాలు మారింది. క్లయింటు మధ్యలో మాట మార్చాడని నెలకోసారి వాపోయే మా సాఫ్ట్‌వేర్ వాళ్లం ఆ 28 ఏళ్ల ఓపికను ఊహించుకోవాల్సిందే.

లాభం వస్తే తన దగ్గర పనిచేసేవాళ్లకు పంచేవారు. కష్టంలో ఉన్న విద్యార్థుల ఫీజులు చెప్పుకోకుండా కట్టేవారు. పేరు కోసం పత్రికల ముందుకు రాలేదు. పెళ్లి చేసుకోలేదు. 1951లో ఆఫీసు మూసేశారు. 1957 ఫిబ్రవరి 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో కన్నుమూశారు. అమెరికన్ ఆర్కిటెక్టుల సంస్థ ఇచ్చే బంగారు పతకం 2014లో ఆమెకు దక్కింది. ఆ పతకం పొందిన తొలి మహిళ ఆమే. అప్పటికి ఆమె పోయి 57 ఏళ్లు.

మన పిల్లల్లో ఎవరైనా ఆర్కిటెక్చర్ చదువుతానంటే, చదువయ్యాక కూడా కొన్నేళ్ల దారి ఉంటుందని ముందే చెప్పండి. ఆ ఏళ్లలో జీతం ఐటీ వాళ్లంత ఉండకపోవచ్చని కూడా చెప్పండి. ఆ తర్వాత వీలైతే ఒకసారి ఓక్లాండ్ తీసుకెళ్లండి. మిల్స్ కాలేజీ ఇప్పుడు నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీలో భాగం. పేరు మారినా గోపురం అక్కడే ఉంది.