ఖద్దరు తొడిగిన డాక్టరు: యల్లాప్రగడ సుబ్బారావు

మన ఇళ్లలో పిల్లలు డిగ్రీ వరకు ఎలాగోలా చదువుతున్నారు. ఆపైన పీజీ అనేసరికి మగ్గం మీద వచ్చేది లెక్కేసుకుని వెనక్కి తగ్గుతున్నాం. అలాంటి ప్రతి ఇంట్లోనూ చెప్పుకోవలసిన జీవితం డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారిది. ఆయన మన నేత కులంలో పుట్టినవారు కారు. అయినా ఆయన చదువుకీ చేనేత బట్టకీ ఒక ముడి ఉంది.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో ఇబ్బందులు ఎక్కువ. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. అయినా తల్లి వెంకమ్మ గారు చదువు మానిపించలేదు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ అయ్యాక మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అక్కడి ఖర్చుకి స్నేహితులు కొంత సాయం చేశారు. తర్వాత తనకు పిల్లనిచ్చిన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కూడా చెయ్యి వేశారు.

గాంధీగారి పిలుపు విని సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలోకి ఖద్దరు గౌనుతో వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకి అది కంటగింపయింది. చివరికి ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగమూ దొరకలేదు. ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పుకుంటూ గడిపారు.

ఇంతలో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో పోయారు. మందు కనిపెట్టాలంటే పై చదువు కావాలి, దానికి అమెరికా వెళ్లాలి. మరి డబ్బేది?

ఒక్కచోట దొరకలేదు. యానాం పక్కనున్న కోరంగిలో పుట్టి, రంగూన్‌లో ఓడల వ్యాపారం చేసి గడించిన మల్లాడి సత్యలింగం నాయకర్ గారు తన ఆస్తిని ధర్మానికి రాసి పోయారు. కాకినాడలోని ఆ ధర్మసంస్థ సాయం చేస్తామంది. మిగతాది మామగారు కూడగట్టారు. పడుగు ఒకరిది, పేక ఒకరిది అన్నట్టు ఆ ప్రయాణం కుదిరింది. 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు.

చేరినంత మాత్రాన కష్టం తీరలేదు. పగలు హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదువు, రాత్రి ఆసుపత్రిలో పోర్టరు పని. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. చదువు కోసం చేసే పనిలో నామోషీ ఏముంది అనుకున్నారు. డిప్లొమా అయ్యాక బయోకెమిస్ట్రీలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. 1925లో వాళ్లిద్దరూ రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి ప్రకటించారు. కండరాలకి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ని, ఏటీపీని గుర్తించారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది.

హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. అక్కడ ఆయన నడిపిన పరిశోధన నుంచి ఫోలిక్ యాసిడ్ తయారీ, క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్, బోదకాలుకి వాడే హెట్రజాన్ వచ్చాయి. గోదావరి డెల్టాలో బోదకాలుతో గుంటమగ్గం దిగలేక బాధపడినవాళ్లని చూసినవాళ్లకి ఆ మందు విలువ చెప్పనక్కర్లేదు. అన్నదమ్ములని బలిగొన్న స్ప్రూకీ ఫోలిక్ యాసిడే మందుగా పనికొచ్చింది.

మూల్యమూ పెద్దదే. 1948 ఆగస్టులో 53 ఏళ్లకే అక్కడే కన్నుమూశారు. మళ్లీ స్వదేశానికి రాలేదు, భార్య శేషగిరి గారిని చూడలేదు. ఆ లోటుని మనం దాచిపెట్టకూడదు. పిల్లల్ని దూరం పంపేటప్పుడు రాకపోకల సంగతి కూడా ముందే అనుకోవాలి.

ఇందులో మనం పట్టుకోవలసింది రెండు ముక్కలు. చదివే పిల్లలూ, డబ్బంతా ఒకేచోట రావాలని కూర్చోకండి. స్కాలర్‌షిప్పు కొంత, ట్రస్టు సాయం కొంత, బ్యాంకు అప్పు కొంత, మీ కష్టం కొంత. అడగడానికి సిగ్గుపడొద్దు, సీటు వచ్చాక కాదు, దరఖాస్తు పెట్టే రోజునే అడగడం మొదలుపెట్టండి. ఇక గడించిన పెద్దలూ, సత్యలింగం గారు సుబ్బారావు గారిని ఎరగరు. తను పోయాక ఎవరో ఒక పిల్లవాడు చదువుకోవాలని రాసి పెట్టారు, అంతే. మన సంఘంలోనూ అలాంటి రాత రాసేవాళ్లు కావాలి.