జీతం లేని కొలువు

నవంబరు వచ్చిందంటే సంఘం కార్యాలయంలో కూర్చుని తోటి పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్లు ఓపికగా నింపిపెట్టే సభ్యులు మనలో ఉన్నారు. వారికి దక్కేది కప్పు టీ, అదీ ఎవరికైనా గుర్తుంటే. అటువంటి వారిని నమ్ముకుని ఒక రైలుమార్గాన్నే నిలబెట్టిన మహనీయుని గురించి ఈ ప్రత్యేక సంచికలో నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఆయన పేరు లయొనెల్ థామస్ కాస్వాల్ రోల్ట్. అందరికీ టామ్ రోల్ట్. ఇంగ్లండులోని చెస్టర్ నగరంలో 1910 ఫిబ్రవరి 11న జన్మించారు. 1926లో ఒక రైలింజన్ల కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరారు. 1930లో అది మూతబడింది. 1939 నుంచి క్రెసీ అనే పడవే ఆయన నివాసం. కాలువల మీద ప్రయాణాన్ని గురించి 1944లో ప్రచురించిన 'నారో బోట్' గ్రంథం ఆయనకు పేరు తెచ్చింది. పాడుబడుతున్న కాలువల పరిరక్షణ కోసం 1946లో రాబర్ట్ ఐక్‌మన్ మొదలైన వారితో కలిసి ఒక సంఘం స్థాపించారు.

వేల్స్ పశ్చిమ తీరాన టవిన్ అనే ఊరి నుంచి కొండల్లోకి టాలిలిన్ రైలుమార్గం ఉంది. ఇళ్ల కప్పులకు వాడే పలకరాయిని గనుల నుంచి తేవడానికి 1860లలో వేసినది. పట్టాల మధ్య దూరం 2 అడుగుల 3 అంగుళాలు, పొడవు సుమారు 7 మైళ్లు. 1948లో బ్రిటిష్ రైల్వేలను జాతీయం చేసినప్పుడు కూడా దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. యజమాని సర్ హేడన్ జోన్స్ తాను బతికి ఉన్నంతకాలం బండి ఆగనివ్వలేదు. 1950 జులైలో ఆయన కన్నుమూశారు.

ఇక మూసివేతే అనుకున్న తరుణంలో రోల్ట్ ముందుకొచ్చారు. 1950 అక్టోబరు 11న బర్మింగ్‌హామ్‌లో సభ జరిగింది. పరిరక్షణ సంఘం ఏర్పడింది. 1951 మే 14న స్వచ్ఛంద కార్యకర్తల సాయంతో బండి కదిలింది. ప్రపంచంలో ఈ విధంగా నిలబెట్టిన మొదటి రైలుమార్గం ఇదే. మొదటి రెండేళ్లూ రోల్టే జనరల్ మేనేజరు. అప్పటికి పట్టాలు గడ్డిలో కూరుకుపోయి ఉన్నాయి. నడిచే స్థితిలో ఉన్నది 1866 నాటి డోల్గోఖ్ ఇంజను ఒక్కటే. పొరుగున మూతబడిన కోరిస్ రైల్వే నుంచి రెండు ఇంజన్లను ఒక్కొక్కటి 25 పౌండ్లకు కొన్నారు. వేరే ఉద్యోగాలు చేసుకునేవారు సెలవు పెట్టుకుని వచ్చి పట్టాలు సరిచేశారు, బొగ్గు వేశారు, టిక్కెట్లు కొట్టారు. మన మనవలకు తెలిసిన థామస్ రైలింజన్ కథలు రాసిన రెవరెండ్ ఆడ్రీ కూడా అక్కడ గార్డుగా పనిచేసిన వారే.

ఒక్క విషయం మనం గమనించాలి. ఆ 1951లోనే, తాను స్థాపించిన కాలువల సంఘం నుంచి రోల్ట్‌ను బహిష్కరించారు. ఐక్‌మన్‌తో అభిప్రాయభేదమే దానికి మూలం. సేవకు చేదు ఫలితం దక్కినా ఆయన సేవ మానలేదు. జీతం తీసుకునేవాడికి నెలాఖరు ఉంటుంది. తీసుకోనివాడికి మంచి మాట ఒక్కటే ఆధారం. అదీ దక్కకపోతే మరుసటి ఏడు ఎందరు వస్తారు?

టాలిలిన్ వారు ఆ మాట మరువలేదు. కొన్న రెండు ఇంజన్లలో ఒకదానికి సర్ హేడన్ అని, మరొకదానికి పాత మేనేజరు ఎడ్వర్డ్ థామస్ అని పేర్లు పెట్టారు. రోల్ట్ 1974 మే 9న మరణించారు. 1991లో నడకకు వచ్చిన 7వ నంబరు ఇంజనుకు టామ్ రోల్ట్ అని పేరుపెట్టారు. 2021లో ఆ పలకరాయి ప్రాంతంతో పాటు ఈ రైలుమార్గానికీ యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. ఆయన నమ్మిన మార్గంలోనే, స్వచ్ఛంద కార్యకర్తల శ్రమతో, నేటికీ బండి నడుస్తున్నది.

విదేశాలలోని పిల్లల దగ్గరకు వెళ్లే మన సభ్యులు ఇటువంటి పాతకాలపు రైలెక్కితే, దిగగానే వెళ్లిపోక, ఇంజను దగ్గరకు నడిచి మసిబారిన ఆ డ్రైవరుకు, ఫైర్‌మన్‌కు, గార్డుకు నమస్కారం చెప్పండి. అంతదూరం వెళ్లలేని మనం, వచ్చే నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ చేతికందినప్పుడు, ఎదుట కూర్చున్న పెద్దాయనకు ఆ నమస్కారమే పెడదాం.