తిరిగి వచ్చి చెప్పిన కృతజ్ఞత

మైత్రీవనం నుంచి పంజగుట్ట నిమ్స్ దాకా ఆస్పత్రులకు కొదవలేదు. సూది వేయడం కాస్త ఆలస్యమైతే నర్సుపై గొంతు పెంచేవారికీ కొదవలేదు. ఆస్పత్రి గడప తొక్కడానికే జనం జంకిన రోజుల్లో సేవ ఎలా సాగిందో డాక్టర్ అన్నా సారా కుగ్లర్ జీవితం చెబుతుంది.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1856లో పుట్టిన కుగ్లర్, వైద్యవిద్య పూర్తిచేసి 1883లో లూథరన్ మిషనరీగా గుంటూరు వచ్చారు. మొదట ఆమెకు అప్పగించింది స్త్రీలకు, బాలికలకు బోధించే పని. అయినా రోగులను కాదనలేదు. పురుష వైద్యులకు చూపించుకోని స్త్రీలు ఎందరో ఘోషాలోనే బాధ అనుభవించేవారు. కుగ్లర్ తాకితే మైల అనుకున్న ఇళ్లూ ఉన్నాయి. ఆమె వెనుదిరగలేదు. 1898లో స్త్రీలు, పిల్లల కోసం ఆస్పత్రి తెరిచారు. నర్సు కేథరిన్ ఫాస్ తోడుగా నిలిచారు.

నమ్మకం నెమ్మదిగా కుదిరింది. తన కుటుంబానికి అందిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజా భుజంగరావు, రోగుల బంధువుల కోసం ఆస్పత్రి దగ్గర సత్రం కట్టించారు. ఆయన క్రైస్తవుడు కాదు. యేసుప్రభువు పదిమంది కుష్ఠరోగులను బాగుచేస్తే, తిరిగివచ్చి కృతజ్ఞత చెప్పింది కూడా పరాయివాడైన సమరయుడొక్కడే (లూకా 17:11-19).

1930లో కుగ్లర్ గుంటూరులోనే కన్నుమూశారు. తర్వాత ఆస్పత్రికి ఆమె పేరే పెట్టారు. స్వస్థత కోసం ప్రార్థించే మనం, రాత్రంతా మేలుకుని మన మంచం దగ్గరకు వచ్చే నర్సును మరచిపోతే ఆ తొమ్మండుగురిలో చేరినట్లే. డిశ్చార్జి రోజున గేటు దాటేముందు ఒక్కసారి వార్డు వైపు తిరిగి వెళ్దాం.