బడి ఆగినా చదువు ఆపని శాస్త్రవేత్త – ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్

జీవ పరిణామం అనగానే మనకు గుర్తొచ్చే పేరు చార్లెస్ డార్విన్. పాఠ్యపుస్తకంలో తెల్లగడ్డంతో ఉన్న ఆయన బొమ్మను మనమంతా చూసినవాళ్లమే. కానీ ప్రకృతి వరణ సిద్ధాంతాన్ని డార్విన్‌తో పాటు స్వతంత్రంగా కనుగొన్న మరో శాస్త్రవేత్త ఉన్నాడు. ఆయనకు డిగ్రీ లేదు, ఆస్తి లేదు, చెయ్యి పట్టుకొని నడిపించే పెద్దమనుషులు లేరు. ఆయనే ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్. ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితాన్ని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పరిచయం చేయాలనుకున్నాం.

వాలెస్ 1823 జనవరి 8న వేల్స్‌లోని అస్క్ పట్టణం దగ్గర జన్మించాడు. తొమ్మిది మంది సంతానంలో ఎనిమిదోవాడు. తండ్రి ఉన్న డబ్బంతా కలిసిరాని వ్యవహారాల్లో పోగొట్టుకున్నాడు. చదివించే స్థోమత లేక 14 ఏళ్ల ప్రాయంలో వాలెస్ బడి మానాల్సి వచ్చింది. ఆ తరువాత ఆయన మళ్లీ ఏ బడిలోనూ, కాలేజీలోనూ విద్యార్థిగా చేరలేదు. అన్న విలియం వెంట భూముల సర్వే పనికి వెళ్లాడు. పొలాల్లో తిరుగుతుంటే కనబడే మొక్కల పేర్లు తెలుసుకోవాలని చవకగా దొరికిన వృక్షశాస్త్ర పుస్తకం కొన్నాడు. కార్మికుల కోసం ఏర్పాటు చేసే ఉపన్యాసాలకు వెళ్లేవాడు. 1844లో లెస్టర్ పట్టణంలో ఉపాధ్యాయుడిగా చేరినప్పుడు అక్కడి గ్రంథాలయమే ఆయనకు విశ్వవిద్యాలయమైంది. పురుగులను సేకరించే హెన్రీ బేట్స్ అనే యువకుడు అక్కడే స్నేహితుడయ్యాడు.

ప్రాణి జాతులు ఎలా పుట్టాయన్న ప్రశ్న ఇద్దరినీ పట్టుకుంది. 1848లో ఇద్దరూ దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవులకు ఓడెక్కారు. అప్పటికి వాలెస్ వయసు 25. పక్షులను, సీతాకోకచిలుకలను పట్టి లండన్‌కు పంపి అమ్మించడమే వారి బతుకుదెరువు. తనను వెతుక్కుంటూ వచ్చిన తమ్ముడు హెర్బర్ట్ అక్కడే పచ్చజ్వరంతో చనిపోయాడు. నాలుగేళ్ల తరువాత, 1852లో, తిరిగి వస్తుండగా నడి సముద్రంలో ఓడకు నిప్పంటుకుంది. ఆయన వెంట తెస్తున్న సేకరణ దాదాపు అంతా కాలిపోయింది. చిన్న పడవల్లో 10 రోజులు కొట్టుకుపోయాక మరో ఓడ వారిని కాపాడింది.

ఇంకొకరైతే అక్కడితో ఆగిపోయేవారేమో. వాలెస్ 1854లో మళ్లీ బయలుదేరి నేటి మలేషియా, ఇండోనేషియా దీవులకు చేరాడు. 8 ఏళ్లలో సుమారు 22,500 కిలోమీటర్లు తిరిగి 1,25,660 నమూనాలు సేకరించాడు. సారవాక్‌లో వంటవాడిగా చేరిన అలీ అనే యువకుడు పక్షులను పట్టడంలో, వాటి చర్మాలను భద్రపరచడంలో ఆరితేరాడు. ఆ సేకరణ వెనుక అలీ వంటి ఎందరో స్థానికుల శ్రమ ఉందని మనం మరవకూడదు.

1858 ఫిబ్రవరిలో వాలెస్ అక్కడి దీవుల్లో చలిజ్వరంతో పడుకున్నాడు. జనాభా గురించి మాల్థస్ రాసిన పుస్తకం గుర్తుకొచ్చింది. దానితోపాటే జవాబు తట్టింది. ఏ జాతిలోనైనా పుట్టేవి ఎక్కువ, పెరిగి పెద్దయ్యేవి తక్కువ. ఒకే తల్లికి పుట్టినవి కూడా అచ్చంగా ఒకేలా ఉండవు. ఆ తేడాల్లో కొన్ని, ఆ చోట, ఆ పరిస్థితుల్లో బతకడానికి పనికొస్తాయి. అవి ఉన్న ప్రాణులు ఎక్కువగా మిగిలి, తమ లక్షణాలను పిల్లలకు అందిస్తాయి. ఇలా వేల తరాలు గడిస్తే జాతి రూపమే మారిపోతుంది. ఇదే ప్రకృతి వరణం.

దీనికి ఉదాహరణ మనకు బాగా పరిచయమున్న దోమ. డి.డి.టి. చల్లడం మొదలుపెట్టిన కొత్తలో దోమలు కుప్పలుగా చచ్చాయి. కొన్నేళ్లకు మన దేశంలోనూ చాలాచోట్ల ఆ మందుకు చావడం మానేశాయి. దోమలు మందును అలవాటు చేసుకోలేదు. మందును తట్టుకునే గుణం ముందునుంచే కొద్ది దోమల్లో ఉంది. మిగతావి చచ్చాక ఆ కొద్దివే సంతానాన్ని కన్నాయి. మందు దోమకు ఏ గుణాన్నీ ఇవ్వలేదు, ఉన్నవాటిలో కొన్నింటిని మిగిల్చిందంతే. ఈ గుణాలను మోసే జన్యువుల సంగతి వాలెస్‌కు ఈ ఆలోచన తట్టిన నాటికి ఎవరికీ తెలియదు.

వాలెస్ తన వ్యాసాన్ని డార్విన్‌కే పంపాడు. 20 ఏళ్లుగా అదే ఆలోచన మీద పనిచేస్తూ ఇంకా ప్రచురించని డార్విన్ అది చూసి నిర్ఘాంతపోయాడు. ఆయన మిత్రులు లయల్, హుకర్ కలుగజేసుకొని, 1858 జూలై 1న లండన్‌లోని లిన్నియన్ సొసైటీలో ఇద్దరి రచనలనూ కలిపి చదివించారు. దూర దీవుల్లో ఉన్న వాలెస్‌ను ఎవరూ అడగలేదు. 1859లో డార్విన్ గ్రంథం వెలువడింది, పేరంతా ఆయనకే వచ్చింది. వాలెస్ మాత్రం కక్ష పెంచుకోలేదు. 1889లో ఈ సిద్ధాంతంపై రాసిన తన పుస్తకానికి డార్వినిజం అనే పేరు పెట్టాడు. స్థిరమైన ఉద్యోగం దొరకక పరీక్ష పేపర్లు దిద్ది సంసారం నెట్టుకొచ్చిన ఆయనకు 1881లో ప్రభుత్వ పింఛను వచ్చేలా పూనుకున్న వారిలో డార్విన్ ముఖ్యుడు. మరుసటి ఏడాది డార్విన్ శవపేటికను మోసిన వారిలో వాలెస్ ఒకడు.

ఈ సిద్ధాంతం చుట్టూ అపోహలు చాలా ఉన్నాయి. నేటి కోతి మనిషిగా మారిందని ఇది చెప్పదు. మనకూ చింపాంజీలకూ సుమారు 60–70 లక్షల ఏళ్ల క్రితం ఉమ్మడి పూర్వీకులు ఉన్నారని చెబుతుంది. బలవంతుడిదే రాజ్యమనీ చెప్పదు. ఒక చోట పనికొచ్చిన గుణం మరోచోట భారం కావచ్చు. ప్రకృతిలో ఎక్కువ, తక్కువ అనే నిచ్చెన లేదు. అయినా కొందరు దీన్ని వక్రీకరించి, పేదలు పుట్టుకతోనే తక్కువ వారని, వారు పిల్లలను కనకూడదని వాదించారు. వాలెస్ దాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. అన్యాయమైన సమాజాన్ని సరిచేయకుండా మనుషులను ఏరివేయాలనడం తప్పని ఆయన అభిప్రాయం.

చదువు మీ రక్తంలో లేదనే మాట మనలో చాలామంది విన్నదే. మా ఇళ్లలో తొలిసారి డిగ్రీ పట్టా అందుకున్న మేమూ విన్నాం. ఆ మాటకు జీవశాస్త్రంలో ఆధారం లేదు. తరతరాలుగా మనకు అందనిది బడి, పుస్తకం, తీరిక. వాటిని అందకుండా చేసింది ప్రకృతి కాదు, మనుషులే.

వాలెస్‌లో లోపాలూ ఉన్నాయి. ఆత్మలతో మాట్లాడవచ్చని నమ్మాడు, మశూచి టీకాను వ్యతిరేకించాడు. మనిషి మేధస్సును ప్రకృతి వరణం వివరించలేదన్నాడు. గొప్పవాడు చెప్పాడని కాక, రుజువు చూసి నమ్మాలన్నది శాస్త్రం నేర్పే పాఠం. 1908లో బ్రిటన్ అత్యున్నత గౌరవాల్లో ఒకటైన ఆర్డర్ ఆఫ్ మెరిట్ అందుకున్న వాలెస్, 1913 నవంబర్ 7న 90 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈసారి జీవశాస్త్ర పాఠంలో డార్విన్ బొమ్మ కనబడినప్పుడు పక్కన వాలెస్ పేరు కూడా రాసుకోండి. ఆ పాఠాన్ని మార్కుల కోసం బట్టీపట్టి వదిలేయకండి. ఎందుకు, ఎలా అని మాస్టారిని అడగండి. చవక పుస్తకం ఒకటి పట్టుకొని పొలాల్లో మొక్కలను పరికించిన ఆ కుర్రాడు మొదలుపెట్టింది కూడా అలాంటి ప్రశ్నలతోనే.