ఆచార్య ధర్మానంద కోశాంబి: సుత్తాల అధ్యయనం, ఆచరణ

భారతదేశంలో బౌద్ధ పునరుజ్జీవనాన్ని తలచుకున్నప్పుడు అనగారిక ధర్మపాల, అయోతిదాసు పండితులు, బాబాసాహెబ్ అంబేద్కర్ మనకు వెంటనే స్ఫురిస్తారు. ఆచార్య ధర్మానంద కోశాంబి పేరు మాత్రం పండిత గోష్ఠులలో వినిపించినంతగా మన ఉపాసకుల ఇళ్ళలో వినిపించదు. ఆయన ఉద్యమాలకు నాయకత్వం వహించలేదు, వేలమందికి దీక్ష ఇవ్వలేదు. బుద్ధవచనాలుగా మనకు దక్కిన ప్రాచీన పాళీ సుత్తాలను మూలంలో చదవడానికీ, చదివినదాన్ని తన బ్రతుకుతో సరిచూసుకోవడానికీ జీవితమంతా పాటుపడ్డారు. త్రిశరణాలు చెప్పుకుని, పంచశీలం స్వీకరించి, ఆపైన ఏమి చదవాలో తోచక నిలిచిపోయే మనవంటివారికి ఆయన చరిత్ర అక్కరకు వస్తుందని మేము నమ్ముతున్నాము.

ఆయన 1876 అక్టోబరు 9న, పోర్చుగీసువారి ఏలుబడిలో ఉన్న గోవాలోని సాంఖవాళ గ్రామంలో ఒక సారస్వత బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. బడి చదువు కొద్దిపాటిదే. బాల్యం దాటీ దాటకముందే పెళ్ళయింది, కొబ్బరితోటల వ్యవహారం నెత్తిన పడింది. ఇరవయ్యేళ్ళు దాటాక ‘బాలబోధ్’ అనే మరాఠీ పిల్లల పత్రికలో బుద్ధుని గురించిన వ్యాసం ఆయన కంటబడింది. ఆనాటి నుంచి బుద్ధుని ధర్మం తెలుసుకోవాలన్న తపన ఆయనను నిలువనీయలేదు. 1899 చివరలో భార్యనూ పసికూతురినీ విడిచి బయలుదేరారు. మహనీయుల చరిత్రలు రాసేవారు ఇటువంటి గృహత్యాగాన్ని ఘనంగా వర్ణిస్తారు. మాకు ఆ పని చేయ మనసొప్పదు. భార్య బాలాబాయి ఏళ్ళ తరబడి మోసిన భారం కూడా ఆ చదువుకు చెల్లించిన మూల్యంలో భాగమే.

పుణె, గ్వాలియర్‌ల మీదుగా కాశీ చేరి, అన్నసత్రాలలో భోజనం చేస్తూ సంస్కృతం నేర్చారు. బౌద్ధం సజీవంగా ఉందని విని నేపాల్ వెళ్ళి, అక్కడి స్థితి చూసి నిరాశపడ్డారు. బుద్ధగయకు, అక్కడినుంచి కలకత్తాకు వచ్చి, 1902లో సింహళానికి ఓడ ఎక్కారు. కొలంబోలోని విద్యోదయ పరివేణంలో హిక్కడువె సుమంగళ మహాథేరుల వద్ద పాళీ అభ్యసించి, కాషాయం ధరించారు. తరువాత బర్మాలో ధ్యానం అభ్యసించారు, బర్మా లిపిలోని గ్రంథాలు చదివారు. స్వదేశానికి తిరిగివచ్చాక బుద్ధుడు తిరిగిన నేల చాలావరకు కాలినడకన చూశారు.

1906లో ఆయన చీవరం విడిచారు. ఇది వెనుకడుగని తలచేవారు ఉండవచ్చు. తాను నేర్చినదాన్ని తన వారికి, తన వారి భాషలో అందించాలన్నదే ఆయన ఉద్దేశం. కలకత్తాలో పాళీ బోధకులుగా మంచి జీతం వస్తుండగా, నెలకు 50 రూపాయలిచ్చే బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడ్ ఏర్పాటుకు సమ్మతించి దానిని వదులుకున్నారు. మరాఠీ ప్రాంతంలో ఉంటూ మరాఠీలో గ్రంథాలు రాయాలన్నది ఆ ఏర్పాటు.

పట్టభద్రులు కాని ఆయనను 1910లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం పిలిపించుకుంది. హెన్రీ క్లార్క్ వారెన్ అసంపూర్ణంగా విడిచి మరణించిన విశుద్ధిమగ్గ పరిష్కరణను పూర్తిచేయడం పని. సంపాదకత్వంలో తన పేరుకు దక్కవలసిన స్థానం గురించి ప్రొఫెసర్ లాన్మన్‌తో పొసగక 1912లో తిరిగివచ్చారు. అయినా అదే పనికోసం తరువాత మూడుసార్లు అక్కడికి వెళ్ళారు. 1918 ప్రయాణంలో వెంట తీసుకువెళ్ళిన కుమారుడే తరువాత గణితవేత్తగా, చరిత్రకారుడిగా ప్రఖ్యాతి పొందిన డి.డి. కోశాంబి. 1912 నుంచి 1918 వరకు పుణెలోని ఫెర్గుసన్ కళాశాలలో పాళీ బోధించారు. అక్కడి శిష్యులలో పి.వి. బాపట్ వంటి పండితులు తయారయ్యారు.

ఈ కాలపు పనిలో ఒకదాని వద్ద కొంచెం ఆగుతాము. రాజస్థాన్‌లోని బైరాట్ వద్ద దొరికిన శాసనంలో అశోకుడు ఏడు ధర్మపాఠాల పేర్లు చెప్పి, వాటిని భిక్షువులు, భిక్షుణులే కాక ఉపాసకులు, ఉపాసికలు కూడా తరచుగా వినాలని, మననం చేయాలని కోరాడు. ఆ ఏడూ పాళీ పిటకంలో ఎక్కడ ఉన్నాయన్నది పండితుల మధ్య చర్చ. కొన్నింటిని పూర్వులే గుర్తించగా, మిగిలినవాటిలో కొన్నింటికి కోశాంబి 1912లో తమ నిర్ణయం ప్రకటించారు. శాసనంలోని మోనేయసూత్రం సుత్తనిపాతంలోని నాలకసుత్తమేనని వారి అభిప్రాయం. గృహస్థులకు ఈ జాబితా ఇప్పటికీ మంచి పాఠ్యక్రమం. అందులో అసత్యం గురించి రాహులునికి చేసిన ఉపదేశం ఒకటుంది. పాత్రలో మిగిలిన కాసిని నీళ్ళు చూపి, తెలిసి అబద్ధమాడేవానిలో మిగిలేది అంతేనని బుద్ధుడు కుమారునికి బోధిస్తాడు. పిమ్మట అద్దాన్ని ఉపమానంగా చెప్పి, పని చేయబోయేముందు, చేస్తున్నప్పుడు, చేసిన తరువాత, ఇది నాకుగానీ పరులకుగానీ హాని చేస్తుందా అని చూసుకొమ్మంటాడు. మాటకూ ఆలోచనకూ ఇదే నియమం. బజారులోనైనా కార్యాలయంలోనైనా దీనిని పాటించడానికి ఆరామం అవసరం లేదు, భిక్షువూ అవసరం లేదు.

1940-41లో వెలువడిన ‘భగవాన్ బుద్ధ’ ఆయన గ్రంథాలలో మనకు అన్నిటికంటే దగ్గరిది. సిద్ధార్థుడు వృద్ధుని, రోగిని, శవాన్ని, సన్యాసిని చూసి అర్ధరాత్రి భార్యాబిడ్డలను విడిచి వెళ్ళాడన్న కథను ఆయన అంగీకరించలేదు. అరియపరియేసన సుత్తంలో తల్లిదండ్రులు కన్నీరు కారుస్తుండగానే ఇల్లు వీడినట్టు ఉంది. అత్తదండ సుత్తంలో, మనుషులు ఆయుధాలు పట్టి కలహించడం చూసి తనకు కలిగిన భయం గురించి ఉంది. వీటి ఆధారంగా, రోహిణీ నది నీటికోసం శాక్యులకూ కోలియులకూ జరిగిన తగాదాలే గృహత్యాగానికి కారణమని కోశాంబి ఊహించారు. అయితే అట్ఠకథలు ఆ తగాదాను బుద్ధత్వం పొందిన తరువాతి కాలానికి చెందినదిగా చెబుతున్నాయి గనుక ఇది తిరుగులేని నిర్ణయం కాదు. 1957లో వెలువడిన అంబేద్కర్ ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’లోనూ రోహిణీ వివాదమే గృహత్యాగానికి కారణంగా కనిపిస్తుంది. తరువాతి కథలకు మొక్కి ఊరుకోక, సుత్తాలను తెరిచి ప్రశ్నించే అలవాటును మేము ఆ గ్రంథం నుంచి నేర్చుకున్నాము.

చదివినది గదిలో మిగిలిపోకూడదని ఆయన పట్టుదల. గాంధీజీ స్థాపించిన గుజరాత్ విద్యాపీఠంలో పనిచేశారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్ళారు. 1937లో బొంబాయిలో మిల్లు కార్మికులు నివసించే పరేల్‌లో బహుజన విహారం నెలకొల్పారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పండితుడు, హార్వర్డ్ చూసివచ్చినవాడు, అరవయ్యేళ్ళ వయసులో అంటరానివారని లోకం దూరం పెట్టిన శ్రామికుల నడుమ కూర్చుని ధర్మం చెప్పడం ఆనాటికి చిన్న సంగతి కాదు.

చివరి రోజుల విషయంలో మాకు ఆయనతో భేదాభిప్రాయం ఉంది. జైన తీర్థంకరుడు పార్శ్వనాథుని చాతుర్యామ ధర్మం ఆయనను బాగా ఆకర్షించింది. దాని మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. వ్యాధులతో శరీరం సేవకు పనికిరాకుండా పోయిందని భావించి, ఆహారం మాని దేహం విడవాలని సంకల్పించారు. మొదటిసారి గాంధీజీ వారించగా మానుకున్నారు. తరువాత సేవాగ్రామ్ ఆశ్రమంలో మళ్ళీ ఉపవాసం పూని, 1947 జూన్‌లో ప్రశాంతంగా కన్నుమూశారు. దేహాన్ని శుష్కింపజేసే తపస్సును బుద్ధుడు స్వయంగా ఆచరించి విడిచిపెట్టాడు. ఆ మధ్యమ మార్గాన్ని జీవితమంతా బోధించిన మనిషి ఇలా వెళ్ళడం మన ఉపాసకులకు మింగుడుపడదు. ఇతరుల మీద భారం కాకూడదన్న ఆయన కోరికను మాత్రం అనుమానించలేము.

విశుద్ధిమగ్గ పాఠాన్ని నాగరి లిపిలో ఆయన బ్రతికుండగానే, 1940లో, బొంబాయిలోని భారతీయ విద్యాభవన్ ప్రచురించింది. హార్వర్డ్ సంపుటం 1950లో, వారెన్ పేరుతోపాటు ఆయన పేరునూ ధరించి, ఆయన మరణించిన మూడేళ్ళకు వెలువడింది.